పూడిన ధమని, పక్కదారులు

న్యూరాలజిస్టుల దగ్గరికి రిపోర్టులు పట్టుకొచ్చే కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “మెడలో కుడివైపు రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని ఇందులో రాశారు. నాన్నగారేమో నడుస్తున్నారు, పేపరు చదువుతున్నారు, పొద్దున బజారుకెళ్లి కూరగాయలు కూడా తెచ్చారు. రిపోర్టు తప్పా డాక్టరు గారూ?”

రిపోర్టు తప్పు కాదు. అదే ఆసుపత్రిలో, పక్క వార్డులో, ఇంకొకరికి మెదడులోని ధమనిలో రెండు మూడు మిల్లీమీటర్ల గడ్డ ఒక్కటి ఇరుక్కుంది. కాలూ చెయ్యీ పడిపోయాయి, నోరు ఒక పక్కకు లాగేసింది, మాట పోయింది. ఐదారు మిల్లీమీటర్ల వెడల్పున్న పెద్ద ధమని మొత్తంగా మూసుకున్నా ఒకరు తిరుగుతూనే ఉన్నారు. అందులోంచి చీలిన కొమ్మ ఒకటి మూసుకుని ఇంకొకరు మంచాన పడ్డారు. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే మెదడుకు రక్తం ఏయే దారుల్లో వెళుతుందో ముందు చూడాలి.

నాలుగు కాలువలు, ఒక వలయం

మనిషి మెదడు బరువు దాదాపు 1,400 గ్రాములు. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లే. కానీ గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం, ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దీనికే కావాలి. నిమిషానికి దాదాపు ముప్పావు లీటరు రక్తం దీనిగుండా పారుతుంది. కాలేయం, కండరాలు కొంత చక్కెరను దాచుకుంటాయి. మెదడుకు చెప్పుకోదగ్గ నిల్వ లేదు. గుండె ఆగి రక్తం పూర్తిగా నిలిచిపోతే పది సెకన్ల లోపే మనిషి స్పృహ తప్పుతాడు.

ఇంత అవసరం ఉన్న అవయవానికి సరఫరా ఒకే గొట్టం మీద ఆధారపడి లేదు. మెడ ముందువైపు కుడిఎడమలా రెండు కెరోటిడ్ ధమనులు పైకి వెళతాయి. వేలితో తాకితే కొట్టుకోవడం తెలిసేవి ఇవే. వెనకవైపు మెడ ఎముకల రంధ్రాల గుండా రెండు వర్టిబ్రల్ ధమనులు ఎక్కి, పుర్రెలోకి వెళ్లాక కలిసి ఒక్కటవుతాయి. కృష్ణా డెల్టా రైతుకు ఈ ఏర్పాటు చూడగానే అర్థమవుతుంది. బ్యారేజీ నుంచి పెద్ద కాలువలు, వాటి నుంచి పంటకాలువలు, వాటి నుంచి బోదెలు, బోదె నుంచి మడికి మడవ. మెదడులోనూ ధమని చీలి చీలి చివరికి కంటికి కనిపించని కేశనాళికలవుతుంది. డెల్టాలో ఒక కాలువ పరిధి ఎక్కడ ముగిసి ఇంకో కాలువ పరిధి ఎక్కడ మొదలవుతుందో రైతులకు తెలిసినట్టే, మెదడులో ఏ ధమని ఏ మేరకు తడుపుతుందో డాక్టర్లకు తెలుసు.

అయితే ఈ నాలుగు కాలువలూ విడివిడిగా లేవు. మెదడు అడుగున, పుర్రె లోపల, వాటిని ఒకదానితో ఒకటి కలిపే ధమనుల వలయం ఉంది. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యుడిగా పనిచేసిన థామస్ విల్లిస్ 1664లో లాటిన్‌లో వెలువరించిన మెదడు శరీరనిర్మాణ గ్రంథంలో దీన్ని వివరించాడు. ఆ పుస్తకానికి బొమ్మలు గీసినవారిలో క్రిస్టఫర్ రెన్ ఒకరు. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌ను తర్వాత కట్టింది ఆయనే. వలయాన్ని విల్లిస్ కంటే ముందే చూసినవాళ్లున్నారు. ఇది ఎందుకుంది అని అడిగినవాడు విల్లిస్. శవంలో ఒక పక్క కెరోటిడ్‌లోకి సిరా రంగు ద్రవం ఎక్కించి చూస్తే అది రెండో పక్కకూ పాకింది.

ఇంకా బలమైన సాక్ష్యం ఆయనకు ఒక శవపరీక్షలో దొరికింది. కడుపులో కణితితో చనిపోయిన మనిషి అతను. పుర్రె తెరిస్తే కుడి కెరోటిడ్ ధమని రాయిలా గట్టిపడి, లోపల దారి దాదాపు పూర్తిగా మూసుకుపోయి ఉంది. బతికుండగా అతనికి పక్షవాతం రాలేదు. అదే పక్క వర్టిబ్రల్ ధమనిని చూస్తే, రెండో పక్కదానికి మూడింతలు లావుగా ఎదిగి ఉంది. ఒక కాలువ పూడితే ఇంకో కాలువ వెడల్పయి ఆ భారం మోసిందని విల్లిస్ సరిగ్గానే గ్రహించాడు. స్కాన్లు లేని కాలంలో, ఒక్క శవాన్ని చూసి ఇంత తేల్చడం మామూలు సంగతి కాదు.

ఆ ఊహకు బతికున్న మనిషిలో పరీక్ష 1808లో జరిగింది. లండన్ గైస్ ఆసుపత్రిలో సర్జన్ ఆస్ట్‌లీ కూపర్ దగ్గరికి మెడ ధమని బెలూనులా ఉబ్బిన రోగి వచ్చాడు. అది పగిలితే ప్రాణం పోతుంది. కూపర్ ధైర్యం చేసి కెరోటిడ్ ధమనిని దారంతో బిగించి కట్టేశాడు. మూడేళ్ల ముందు ఇదే ఆపరేషన్ చేసిన మొదటి రోగి దక్కలేదు. ఈసారి మనిషి కోలుకుని పనిలోకి వెళ్లాడు, మరో 13 ఏళ్లు బతికాడు. 1821లో అతను చనిపోయాక కూపర్ ఆ ధమనుల్ని పరిశీలించి రాశాడు.

ఈ విజయం చూసి ఎందరో సర్జన్లు అదే బాట పట్టారు. కొందరు రోగులు లేచి తిరిగారు, కొందరికి పక్షవాతం వచ్చింది. కట్టిన ధమని ఒకటే, కట్టిన తీరూ ఒకటే. తేడా వలయంలో ఉంది. పాఠ్యపుస్తకంలో గుండ్రంగా, అన్ని లంకెలతో కనిపించే ఆ వలయం అచ్చంగా అలాగే ఉన్నవాళ్లు సగంమంది కూడా ఉండరు. ఎక్కువమందిలో ఏదో ఒక లంకె వెంట్రుకంత సన్నగానో, అసలు లేకుండానో ఉంటుంది. ఆ లోటు పుట్టుకతో వచ్చింది కాబట్టి, ధమని మూసుకునే రోజు దాకా ఆ మనిషికి దాని సంగతే తెలియదు.

గట్టు దాటి వచ్చే రక్తం

వలయం దాటాక ఏం జరుగుతుంది? అక్కడినుంచి ముందు, నడిమి, వెనక ధమనులు బయల్దేరి మెదడు పైభాగాన్ని పంచుకుంటాయి. పక్షవాతం ఎక్కువగా నడిమి ధమనిలో వస్తుంది. గడ్డ అక్కడ ఇరుక్కుంటే వలయం ఎంత బాగున్నా ఉపయోగం లేదు. అడ్డు వలయానికి అవతల ఉంది కదా.

అక్కడ పనికొచ్చేది ఇంకో ఏర్పాటు. మెదడును అంటిపెట్టుకున్న పల్చటి పొర మీద, రెండు ధమనుల పరిధులు కలిసే సరిహద్దులో, ఒకదాని చివరి కొమ్మల్ని ఇంకోదాని చివరి కొమ్మలతో కలిపే సన్నని నాళాలు ఉంటాయి. వీటినీ, ఇలాంటి అన్ని పక్కదారుల్నీ డాక్టర్లు కొలేటరల్స్ అంటారు. డెల్టాలో రెండు కాలువల శివారు భూములు ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్నాయనుకుందాం. రెండు వైపులా నీటిమట్టం సమంగా ఉన్నంతకాలం గట్టులోని మడవ తెరిచే ఉన్నా నీరు ఎటూ కదలదు. ఒక కాలువ ఎండి అటువైపు మట్టం పడిపోతే, ఇటు నీరు మడవ గుండా అటు మళ్లుతుంది. ఎండిన భూమికి కాలువ తలవైపు నుంచి రావాల్సిన నీరు తోకవైపు నుంచి వస్తుంది. మెదడులోనూ అచ్చం ఇదే. ముందు, వెనక ధమనుల రక్తం సరిహద్దు దాటి, నడిమి ధమని కొమ్మల్లోకి వెనక నుంచి ముందుకు ఎదురు పారుతుంది. ఏ నరమూ ఆజ్ఞ ఇవ్వనక్కర్లేదు. ఒత్తిడిలో తేడాయే చాలు.

ఈ సరిహద్దు నాళాల్ని 1874లో జర్మన్ వైద్యుడు ఒట్టో హాయిబ్‌నర్ రంగు ద్రవాలు ఎక్కించి చూపించాడు. అయినా మెదడు ధమనులన్నీ ఎక్కడికక్కడే ఆగిపోతాయనీ, ఒకటి మూసుకుంటే ఆ భాగం చచ్చిపోవడం ఖాయమనీ చాలాకాలం నమ్మారు. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ బతికున్న మనిషి మెదడు ధమనుల్ని ఎక్స్‌రేలో చూసే పద్ధతి కనిపెట్టాక, ఎదురు పారే రక్తం ఫిల్మ్ మీద కనిపించడం మొదలైంది.

ఇంకో విచిత్రమైన దారి కన్ను. మామూలుగా కంటికి రక్తం లోపలి కెరోటిడ్ నుంచి బయటికి వస్తుంది. ఆ కెరోటిడ్ మెడలో మూసుకుపోతే ముఖానికి, కణతలకు వెళ్లే బయటి కెరోటిడ్ రక్తం కంటి ధమనిలో తిరగబడి పుర్రెలోకి పారుతుంది. కనుబొమ పైన అల్ట్రాసౌండ్ పరికరం ఆనించి, రక్తం ఎటు పారుతోందో చూసి, కింద కెరోటిడ్ మూసుకుందని డాక్టర్లు పసిగట్టేవారు.

ఈ పక్కదారులు అందని చోటు ఒకటుంది. మెదడు లోతుల్లోకి నిట్టనిలువుగా దిగే వెంట్రుకల్లాంటి ధమనులకు ఒకదానితో ఒకటి పొత్తు దాదాపు లేదు. అక్కడ ఏదైనా మూసుకుంటే సాయానికి వచ్చే నాళం లేదు. పైగా కాళ్లూ చేతుల్ని కదిలించే నరాల పోగులన్నీ ఆ లోతులో ఒక ఇరుకు దారిలో కట్టగా దిగుతాయి. అక్కడ సెంటీమీటరు మేర దెబ్బతిన్నా ఒళ్లు ఒక పక్క మొత్తం పడిపోవచ్చు. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ ముందుగా పాడుచేసేది ఈ సన్న ధమనులనే. ఏ నొప్పీ లేదు కదా అని మాత్ర మానేసేవారికి ఈ ఒక్క సంగతీ నచ్చజెప్పగలిగితే ఎన్నో ఇళ్లలో మంచాలు ఖాళీగా ఉంటాయి.

మొదటి నిమిషాల్లో

గడ్డ అడ్డుపడిన క్షణం నుంచి మెదడు వరసగా మూడు పనులు చేస్తుంది. దారి మళ్లడం మొదటిది. అది పైన చూశాం. రెండోది, కరువు పడిన చోటి చిన్న ధమనులు వాటంతటవే విప్పారి, వచ్చే కాస్త రక్తానికీ అడ్డు తగ్గిస్తాయి. రక్తపోటు కొంత పెరిగినా తగ్గినా మెదడు తన వాటా నిలబెట్టుకునేది ఈ ధమనుల సంకోచ వ్యాకోచాలతోనే. డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ లాసెన్ 1959లో దీన్ని వివరించాడు. మూడోది పొదుపు. మామూలు రోజుల్లో మెదడు రక్తంలోని ఆక్సిజన్‌లో మూడో వంతుకు కొంచెం పైన మాత్రమే తీసుకుని మిగతాది వదిలేస్తుంది. కరువులో 80 శాతం దాకా పీల్చుకుంటుంది.

ఈ మూడూ చాలకపోతే? ఇక్కడ కొన్ని అంకెలు తెలిసి తీరాలి. నూరు గ్రాముల మెదడుకు మామూలుగా నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 దగ్గరికి పడితే నాడీకణాలు పని మానేస్తాయి. చెయ్యి లేవదు, మాట రాదు. కానీ కణాలు చావవు. సుమారు 10 కంటే దిగువకు పడితే నిమిషాల్లోనే చనిపోతాయి. ఈ రెండు గీతల మధ్య ఉన్న భాగం, పని ఆగిపోయినా ప్రాణం మిగిలిన భాగం, కొనఊపిరితో ఉన్న మెదడు. డాక్టర్లు దాన్ని పెనంబ్రా అంటారు. లండన్‌లో లిండ్సే సైమన్ బృందం 1970లలో బబూన్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ రెండు గీతలూ వేరువేరని తేలింది. అంతకుముందు పడిపోయిన చెయ్యంటే చచ్చిపోయిన మెదడని అనుకునేవారు. ఈనాటి పక్షవాత చికిత్స అంతా ఆ రెండు గీతల మధ్య సందులోనే నడుస్తోంది.

ఆ సందును తెరిచి ఉంచేవి పక్కదారులు. గడ్డ కరిగించినా, తొడ ధమని గుండా సన్నని గొట్టం పంపి గడ్డను లాగేసినా, అప్పటిదాకా కొనఊపిరి నిలిపిన రక్తం ఆ గట్టు దాటి వచ్చిందే. మంచి పక్కదారులున్న మనిషిలోనూ అవి తాత్కాలికంగా నెట్టుకొస్తాయి, అంతే. గంటలు గడిచేకొద్దీ రక్తపోటు తగ్గవచ్చు, వాపు పెరగవచ్చు, గడ్డ సాగవచ్చు. అప్పుడు అవీ చేతులెత్తేస్తాయి.

అందుకే ఒక సంగతి గట్టిగా చెప్పాలి. “పొద్దున కాసేపు మాట తడబడింది, చెయ్యి తిమ్మిరెక్కింది, అరగంటలో సర్దుకుంది, నీరసం అయ్యుంటుంది” అని ఊరుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. అలా వచ్చి పోయిన పక్షవాతంలో గడ్డ దానంతటదే కరిగి ఉండవచ్చు, లేదా పక్కదారులు ఆ పూటకు ఆదుకుని ఉండవచ్చు. మూలం అలాగే ఉంది. రెండో దెబ్బ వచ్చే ప్రమాదం తర్వాతి రెండు రోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువ. ఆ రెండు రోజులూ పసరు మందుల కోసం, నాటువైద్యుల వాకిళ్లలో గడిపేయడం చూస్తే గుండె కలుక్కుమంటుంది.

నెలలు పట్టే పని

పూడిక ఏళ్ల మీద నెమ్మదిగా పేరుకుంటే కథ వేరు. ధమని సన్నబడేకొద్దీ పక్కదారుల్లో రక్తం వేగం పెరుగుతుంది. ఆ ఒరిపిడి నాళం లోపలి పొరకు తెలుస్తుంది. రక్తంలోంచి కొన్ని తెల్లకణాలు వచ్చి గోడలో చేరి, పాత గోడను సడలించి, కొత్త కండర కణాలు పెరిగేలా చేస్తాయి. సన్ననాళం కొన్ని వారాల్లో అసలైన ధమనిగా మారుతుంది. నాళం వ్యాసం రెండింతలైతే, అదే ఒత్తిడి మీద అందులో ప్రవాహం 16 రెట్లవుతుంది. అందువల్ల కొద్దిపాటి ఎదుగుదల కూడా పెద్ద మార్పు తెస్తుంది. ధమని చివరికి పూర్తిగా మూసుకునే రోజుకు రక్తం చాలావరకు వేరే దారులకు అలవాటుపడి ఉంటుంది. మొదట అడిగిన ప్రశ్నకు జవాబులో ముఖ్యభాగం ఇదే.

ఈ శక్తికి హద్దులెక్కడున్నాయో మోయామోయా అనే జబ్బు చూపిస్తుంది. జపాన్‌లో దీన్ని 1957లో తొలిసారి వర్ణించారు. 1969లో సెండాయ్‌కి చెందిన సుజుకి, తకాకు దీనికి ఆ పేరు పెట్టారు. ఈ జబ్బులో కెరోటిడ్ ధమనుల చివరలు రెండు పక్కలా క్రమంగా మూసుకుపోతాయి. దానికి బదులుగా మెదడు అడుగున వందలాది సన్న నాళాలు పుట్టుకొస్తాయి. ఎక్స్‌రే ఫిల్మ్ మీద అవి సిగరెట్ పొగలా మసకగా కనిపిస్తాయి. పిల్లలు గట్టిగా ఏడ్చినప్పుడో, వేడి నూడుల్స్‌ను ఊదుకుంటూ తిన్నప్పుడో హఠాత్తుగా చెయ్యి పడిపోతుంది. ఎక్కువగా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడు ధమనులు ముడుచుకుంటాయి. మనలో ఎవరికైనా జరిగేదే ఇది. కానీ అప్పటికే అంచున బతుకుతున్న ఆ పిల్లల మెదడుకు ఆ కాస్త కోత కూడా భరించరానిది. పెద్దవాళ్లలో ఇంకో ఆపద ఉంది. గాభరాగా అల్లుకున్న ఆ నాళాల గోడలు పలచన, అవి పగిలి రక్తస్రావమవుతుంది.

మెదడు చాలినన్ని దారులు వేసుకోలేకపోతే మనమే వేయవచ్చా? 1967లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో గాజీ యాసర్గిల్ కణత మీది ధమనిని పుర్రెలోకి మళ్లించి, మైక్రోస్కోపు కింద మెదడు ధమనికి కుట్టాడు. మోయామోయా రోగులకు ఈ తరహా ఆపరేషన్ నేటికీ పెద్ద ఆసరా. కొవ్వు పేరుకుని మూసుకున్న ధమనులకూ ఇది పనికొస్తుందని అందరూ ఆశించారు. 1,377 మంది రోగులతో జరిపి 1985లో వెల్లడించిన పరీక్షలో, మందులు మాత్రమే వాడినవారి కంటే ఆపరేషన్ చేయించుకున్నవారికి మేలేమీ జరగలేదు. 2011లో, పక్కదారులు బాగా నీరసించిన రోగుల్నే ఏరి చేసిన అమెరికా పరీక్షలోనూ అదే ఫలితం. తార్కికంగా ఎంత సబబుగా ఉన్నా, పరీక్షించి చూస్తే తప్ప చికిత్స విలువ తేలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తెలుగువారికి ఇందులో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం ఉంది. పాశ్చాత్యుల్లో కొవ్వు పూడిక ఎక్కువగా మెడ ధమనుల్లో వస్తుంది. ఆసియా ప్రజల్లో, మనలో, పుర్రె లోపలి ధమనుల్లో ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్‌లో పక్షవాత రోగుల వివరాలు నమోదు చేసిన వైద్యులూ ఇదే గమనించారు. పుర్రె లోపల పూడిక అంటే చాలాసార్లు వలయానికి అవతల పూడిక. ఆదుకోవాల్సింది సరిహద్దు నాళాలే.

ఎవరికెంత గడువు

నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చనిపోతాయన్న లెక్క ఆసుపత్రి గోడల మీద కనిపిస్తుంది. అమెరికా న్యూరాలజిస్ట్ జెఫ్రీ సేవర్ 2006లో వేసిన లెక్క అది. పెద్ద ధమని మూసుకున్న సగటు రోగికి అది వర్తిస్తుంది. 2019లో పిట్స్‌బర్గ్ బృందం రోగులవారీగా లెక్కగడితే తేడా దిగ్భ్రాంతి కలిగించింది. కొందరికి నిమిషానికి 35 వేల కంటే తక్కువ కణాలు పోతే, కొందరికి 2 కోట్ల 70 లక్షలకు పైన పోయాయి.

ఆ తేడాలో కొంత పుట్టుకలోనే ఉంది. నార్త్ కరోలినాలో జేమ్స్ ఫేబర్ బృందం ప్రయోగశాల ఎలుకల జాతుల్ని పోల్చింది. ఒక జాతికి సరిహద్దు నాళాలు దండిగా ఉంటాయి, ఇంకో జాతికి దాదాపు ఉండవు. ఒకే ధమనిని మూస్తే రెండో జాతిలో మెదడు ఎన్నో రెట్లు ఎక్కువ దెబ్బతింటుంది. ఈ తేడాకు ప్రధాన కారణం రాబెప్2 అనే ఒక జన్యువని 2016లో వాళ్లు తేల్చారు. ఈ నాళాలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి, వయసుతో పాటు తగ్గిపోతాయి.

పక్కదారులు బాగున్నవారిలో కొనఊపిరి భాగం గంటల తరబడి నిలుస్తుంది. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు సాధారణ గడువు నాలుగున్నర గంటలు. కానీ నిద్రలోనే పక్షవాతం వచ్చి, అది ఎప్పుడు మొదలైందో తెలియని వారి సంగతేమిటి? 2018లో వెలువడిన డాన్ పరీక్షలో, 6 నుంచి 24 గంటల మధ్య వచ్చినవారిలో స్కాన్ ఆధారంగా ఇంకా బతికున్న మెదడు ఎక్కువగా ఉన్నవారినే ఎంచుకుని గడ్డ లాగేశారు. మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవారు 49 శాతం; మామూలు చికిత్స పొందినవారిలో 13 శాతం. ఇది చదివి, 24 గంటలు ఉన్నాయి కదా అని ఎవరూ నిదానించకూడదు. తనకు పక్కదారులు ఉన్నాయో లేవో ఇంట్లో కూర్చున్న మనిషికి తెలిసే మార్గం లేదు. సీటీ స్కాన్‌లో రంగు మందు ఎక్కించి చూస్తేనే అవి కనిపిస్తాయి. నోరు వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దయినా చేయాల్సింది 108కి ఫోన్ చేసి, స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరడమే.

అక్కడికి చేరాక బంధువుల్ని కంగారుపెట్టే విషయం ఇంకొకటి. బీపీ 190 చూపిస్తుంటే డాక్టర్లు మందు ఇవ్వకుండా చూస్తూ కూర్చున్నారేమిటని గొడవ పడతారు. ఒకప్పుడైతే బీపీ తగ్గించే మందు నాలుక కింద వేసేవారు. ఇప్పుడు ఆ పని చేయకపోవడానికి కారణం ఇదంతా చదివినవారికి తోచే ఉంటుంది. విప్పారగలిగినంత విప్పారిన ధమనుల్లో రక్తం పారడానికి ఇక మిగిలిన బలం రక్తపోటు ఒక్కటే. కాలువ ఎండినప్పుడు అవతలి కాలువ మట్టం కూడా దించేస్తే గట్టు దాటి నీరు రాదు. అందుకే గడ్డ కరిగించే చికిత్స ఇవ్వని రోగుల్లో, గుండెకో మరో అవయవానికో ముప్పు లేకపోతే, 220/120 దాటేదాకా మొదటి రోజు సాధారణంగా బీపీ జోలికి వెళ్లరు. ఇంజక్షన్ ఇవ్వాలంటే మాత్రం ముందు 185/110 కంటే కిందికి తేవాలి, ఇచ్చాక ఒక రోజంతా 180/105 లోపల ఉంచాలి. తెరుచుకున్న ధమనిలోకి ఒక్కసారిగా దూసుకొచ్చే రక్తం, కరువుతో బలహీనపడిన గోడల్ని బద్దలు కొట్టే ప్రమాదం అప్పుడు మొదలవుతుంది.